పాలకొల్లులో అద్దె పోర్షన్, గోడకి నెమ్ము, చేతిలో 10 వేలు: గదిని ఎలా బాగుచేయాలి?

కొత్తకాపురం:
అందరికీ నమస్కారం అండి. పాలకొల్లులో కాలవ పక్క వీధిలో ఒక పాత ఇంటి పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. ముందు గది 10 అడుగులకి 12, వెనక చిన్న వంటగది, రెండింటి మధ్య మనిషి పట్టేంత నడవ. అంతే ఇల్లు. వచ్చే నెల నుంచి మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ ఎక్కువసేపు ఇంట్లోనే గడపాలి. ఊళ్ళో పెద్ద అరుగులున్న ఇంట్లో బతికిన మనిషి, ఈ ఇరుకులో ఉక్కిరిబిక్కిరి అవుతారేమో అని టెన్షన్‌గా ఉంది.

ముందు గదినే ఆవిడకి ఇవ్వాలి. పడమటి గోడకి కింద నుంచి రెండడుగుల పైదాకా రంగు పొక్కులు లేచి పొడి రాలుతోంది. కిటికీ ఒక్కటే. మంచం, ట్రంకు పెట్టె, బియ్యం డబ్బా, బట్టల స్టాండు అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంటివాళ్ళు కొత్తగా మేకులు కొట్టొద్దన్నారు. రంగు వేసుకుంటే సరేనన్నారు. మొత్తం ఖర్చు 10 వేలు దాటకూడదు. పొక్కులు కనపడకుండా ఆన్‌లైన్‌లో దొరికే ఇటుకల డిజైన్ వాల్‌పేపర్ అంటిస్తే ఎలా ఉంటుంది?

రంగులరాట్నం:
వాల్‌పేపర్ కంటే పీవీసీ ప్యానెల్స్ చూడండి. మా ఫ్రెండ్ కాకినాడ ఫ్లాట్‌లో టీవీ వెనక గోడకి వేయించాడు, గది రూపమే మారిపోయింది. తుడిస్తే శుభ్రమవుతుంది, ఒక్క రోజులో పని అయిపోతుంది. పాడైన గోడ ఒక్కటీ కప్పేసి, మిగతావాటికి లేత రంగు వేయండి.

మేస్త్రి_మండపేట:
అమ్మా, కాస్త ఆగండి. ఆ గోడ మీద కాగితం గానీ ప్లాస్టిక్ గానీ ఏదీ అంటించొద్దు. తమ్ముడు చెప్పిన ప్యానెల్ పొడి గోడకి బాగానే ఉంటుంది. కాకినాడ ఫ్లాట్ పై అంతస్తులో ఉండి ఉంటుంది, నేల నెమ్ము అంతదాకా ఎక్కదు. మీది కాలవ పక్కన నేల మీద కట్టిన పాత ఇల్లు.

మన డెల్టాలో చాలా ఊళ్ళలో కొద్ది అడుగులు తవ్వితే నీళ్ళే. పాత ఇళ్ళకి పునాదికీ గోడకీ మధ్య నెమ్ము ఆపే పొర ఉండదు. ఇటుక కింద నుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఆ నీటిలో కరిగిన ఉప్పూ వస్తుంది. గోడ పైకి వచ్చాక నీరు ఆవిరై పోతుంది, ఉప్పు అక్కడే మిగిలి గడ్డకట్టి రంగుని వెనక నుంచి నెడుతుంది. మీకు కనపడే పొక్కు అదే. దాని మీద గాలి ఆడని పొర వేశారంటే నీటికి బయటికి దారి ఉండదు. ఇప్పుడు రెండడుగుల దగ్గర ఉన్నది ఇంకా పైకి పాకుతుంది. ప్యానెల్ వెనక బూజు పడుతుంది. ఆ వాసన పెద్దావిడ మంచం దగ్గరే ఉంటుంది.

నెమ్ముని పూర్తిగా ఆపడం ఇంటివాళ్ళ పని, పెద్ద ఖర్చు. అద్దెకున్నవాళ్ళు చేయగలిగింది గోడకి గాలి ఆడనివ్వడం. దానికి సున్నాన్ని మించింది లేదు. సున్నం పూత లోపలి తడిని బయటికి వదులుతుంది. దాని ఘాటుకి బూజు కూడా త్వరగా పట్టదు.

ఇప్పుడు కాలవలకి నీళ్ళు ఆపేశారు కదా, ఈ ఏప్రిల్, మే నెలల్లోనే చేయండి. నేలలో నీటి మట్టం తగ్గి గోడలు ఏడాది మొత్తంలో కాస్త ఆరి ఉండే రోజులివి. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలి, వానలు పడ్డాక చేస్తే సగం శ్రమ వృథా.

రంగులరాట్నం:
మేస్త్రి గారూ, సున్నం ఆనుకుంటే వీపుకి అంటుకుంటుంది కదా? చీరలన్నీ తెల్లబడతాయి. అందుకే కదా అందరూ మానేసింది.

మేస్త్రి_మండపేట:
సరిగా వేయకపోతే అంటుకుంటుంది బాబూ. పని ఎలా చేయాలో చెబుతాను, అమ్మకి కూడా ఉపయోగం.

మొదట ఆ గోడ మీది పాత రంగంతా రేకుతో గీకేయాలి. ప్లాస్టిక్ రంగు మీద సున్నం నిలవదు, పొరలుగా ఊడిపోతుంది. ఉప్పు పొడిని పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. దులిపిన పొడిని ఎత్తి బయట పారేయండి. గుల్లబారిన పూత వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది, దాన్ని కొట్టేసి సున్నం, ఇసుక కలిపి పూయించండి. అక్కడ సిమెంటు పూస్తే నెమ్ము దాని అంచు చుట్టూ తిరిగి పక్కన లేస్తుంది. ఇంత చిన్న పనికి మేస్త్రిని సగం రోజు పిలిస్తే చాలు.

రాతి సున్నం తెచ్చి మీరు ఇంట్లో నీళ్ళలో వేసి విరగనివ్వొద్దు. నీళ్ళలో పడగానే కుతకుతా ఉడుకుతుంది, కంట్లో చుక్క పడితే చాలా ప్రమాదం. ముందే నానబెట్టి మెత్తగా చేసిన సున్నం గానీ సంచుల్లో వచ్చే పొడి సున్నం గానీ తెచ్చుకోండి. ముందురోజు రాత్రి నీళ్ళలో నానేసి, పొద్దున్న పల్చటి గుడ్డలో వడకట్టి, పాలంత పల్చగా చేసుకోండి. తుమ్మబంక నానబెట్టిన నీళ్ళు కొద్దిగా కలిపితే చేతికి అంటుకోవడం తగ్గుతుంది. చిటికెడు నీలిమందు వేస్తే పసుపు ఛాయ పోయి తెల్లగా మెరుస్తుంది. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాల్సిందే.

గోడ మీద కొంచెం నీళ్ళు చిలకరించి వేయండి. ఎండల్లో పొడి గోడ మీద వేస్తే నీటిని ఒక్కసారిగా పీల్చేసి సున్నం పొడిగా మిగులుతుంది. అంటుకునేది ఆ పొడే. వేసేటప్పుడు నీళ్ళలాగా కనిపిస్తుంది, ఏమీ పడలేదనుకుని మందంగా రుద్దేస్తారు. ఆరాక తెలుపు తేలుతుంది. పల్చగా మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు విడిచి వేయండి.

లంకవాసి:
మేస్త్రి గారు చక్కగా చెప్పారు. మా చిన్నప్పుడు సంక్రాంతి ముందు ఇంటింటా ఈ పనే. మాకు గుల్లలు కాల్చి చేసిన గుల్ల సున్నం వచ్చేది.

అమ్మాయ్, నేను సామాన్ల సంగతి చెబుతాను. మాది గోదావరి మధ్య లంక ఊరు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళం. అప్పటి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటి మట్టం 17.75 అడుగులు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మా ఇళ్ళలో బియ్యం, కాగితాలు, పరుపులు అటకెక్కుతాయి. అందుకే మా వైపు నేల మీద ఏదీ శాశ్వతంగా పెట్టరు. చిన్న ఇంటికి కూడా ఈ అలవాటు బాగా పనికొస్తుంది. నేల ఎంత కనిపిస్తే గది అంత పెద్దదిగా ఉంటుంది. మీ గదిలో నేల మీదున్నవి లెక్కపెట్టు. ట్రంకు, డబ్బా, స్టాండు, చెప్పులు. వీటిలో సగం పైకో, మంచం కిందకో పోవాలి.

పాత ఇల్లంటున్నావు కాబట్టి గోడలో గూళ్ళు ఉండే ఉంటాయి. చాలామంది వాటికి కేలండరు అడ్డం కట్టేస్తారు. తెరిచి చూడు. దీపం గూడు, మందుల గూడు, కళ్ళజోడు గూడు అని విడదీస్తే అత్తగారికి బల్ల కూడా అక్కర్లేదు. నడవలో అటక ఉందా?

కొత్తకాపురం:
ఉందండీ! రెండు గూళ్ళున్నాయి, ఒకదాంట్లో పాత మీటరు కాగితాలు, ఖాళీ సీసాలు. నడవ మీద చెక్క అటక ఉంది, ఇంటివాళ్ళ పాత సామాను కొంత ఉంది. సగం ఖాళీ చేసిస్తారేమో అడుగుతాను. గదిలో దూలానికి ఉయ్యాల కొక్కేలు రెండు ఉన్నాయి, ఇప్పుడే చూశాను.

సెంటున్నర:
అక్కా, మాది భీమవరం దగ్గర కాలనీ ఇల్లు. సెంటున్నర స్థలం, అంటే 72 గజాల పైచిలుకు. చేను మెరక చేసి ఇచ్చిన చోటు. మేం నలుగురం. సామాను విషయంలో నాకు తెలిసింది చెబుతాను.

చవకగా వస్తున్నాయని పొట్టు చెక్క (పార్టికల్ బోర్డు) బీరువాలు కొనొద్దు. మన గాలిలో తేమకే అవి ఉబ్బుతాయి. నెమ్ము గోడకి ఆనిస్తే తలుపులు మూసుకోవు, వెనక చెదలు. అదే డబ్బుతో కలప అడితిలో పాత టేకు ముక్కలు దొరుకుతాయి. పెంకుటిళ్ళు విప్పినప్పుడు వచ్చిన కిటికీ రెక్కలు, తలుపు చెక్కలు. నేను ఒక పాత రెండు రెక్కల కిటికీ తెచ్చి వడ్రంగితో నాలుగు అరల స్టాండు చేయించాను. గోడకి మేకు అక్కర్లేదు, నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. కాళ్ళ కింద రబ్బరు బుడిపెలు వేయించండి, తడి ఎక్కదు. ఏ సామానైనా ఆ గోడకి నాలుగు వేళ్ళ ఎడంలో పెట్టండి.

మంచం కింద ట్రంకుకి వడ్రంగి దగ్గర చక్రాల పలక చేయించుకుంటే లాగడం తేలిక. మెయిన్‌గా మీ వంటగది ఎలా ఉందో రాయండి, అక్కడ కూడా చాలా చోటు దొరుకుతుంది.

వైరింగ్_తణుకు:
వెలుతురు గురించి ఎవరూ రాయలేదు. గదిలో ఒకే ట్యూబులైటు నడి గోడకి ఉంటుంది, అవునా? అది మూలలన్నిటినీ చీకటి చేసి నడిమధ్యనే వెలుగిస్తుంది. చిన్న గది ఇంకా చిన్నదిగా కనపడుతుంది. దాన్ని పని వేళలకి ఉంచండి. సాయంత్రానికి మంచం పక్కన ఒకటి, ఎదురు మూల ఒకటి చిన్న దీపాలు పెట్టండి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పాత 60 వాట్ల బల్బుకి సమానమైన వెలుతురు ఇస్తుంది. కొనేటప్పుడు వార్మ్ వైట్ అని అడగండి, కూల్ డేలైట్ ఇస్తే ఆస్పత్రి వార్డులా ఉంటుంది. రాత్రి ఆవిడ లేచి నడవలోకి వెళ్ళే దారిలో అర వాటు రాత్రి దీపం తప్పనిసరి.

పగలు కిటికీకి ఎదురు గోడ దగ్గర ఒక నిలువుటద్దం పెట్టండి. మేకు లేకుండా స్టాండు మీదే ఉంచొచ్చు, కానీ తగిలినా పడిపోకుండా వెనక నుంచి కట్టి ఉండాలి. వెలుతురు రెట్టింపయినట్టు ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. ఆ నెమ్ము గోడలో ప్లగ్గు బోర్డు ఉంటే ముట్టుకునే ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. తడి గోడలో పాత వైరు ఉండటం ప్రాణానికే ముప్పు. అలంకరణ డబ్బులో కోత పెట్టయినా ఆ పని ముందు చేయించండి.

కొత్తకాపురం:
బోర్డు ఆ గోడకే ఉంది అన్నయ్యా. చూపిస్తాను. వాల్‌పేపర్ ఆలోచన మానేశాను.

లేసుదారం:
నర్సాపురం నుంచి రాస్తున్నాను. కర్టెన్ల గురించి ఎవరైనా అడుగుతారని చూస్తున్నా!

కిటికీ ఒక్కటే అంటున్నారు కాబట్టి మందపాటి సింథటిక్ కర్టెన్ వేయకండి. గాలి ఆగిపోతుంది, తేమకి వాసన పడుతుంది. పాత నేత చీర ఒకటి తీయండి. బండారులంక నూలు చీరైతే మరీ మంచిది, ఉతికిన కొద్దీ మెత్తబడి వెలుతురిని వడకట్టినట్టు పంపుతుంది. చీరని అడ్డంగా రెండు ముక్కలు చేసి, అంచు కిందికి వచ్చేలా కుట్టుకోండి. కడ్డీని కిటికీ చట్రం మీద కాకుండా పైకప్పుకి దగ్గరగా, రెండు పక్కలా జానెడు వెడల్పు ఎక్కువ ఉండేలా పెడితే కిటికీ పెద్దదిగా కనిపిస్తుంది. మేకు వద్దన్నారు కాబట్టి ఆ ఉయ్యాల కొక్కేల నుంచి తాళ్ళతో వెదురు కర్ర వేలాడదీసుకోవచ్చేమో, కొక్కేలు కిటికీ వైపే ఉంటే.

ఇక మా లేసు. మా వైపు ఆడవాళ్ళు కొక్కెం సూదితో అల్లే లేసు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది. అమ్మమ్మ, అమ్మ, నేను అందరం అల్లినవాళ్ళమే. చాలామంది దీన్ని పెట్టెలో దాస్తారు, పండక్కి తీస్తారు. అలా దాచొద్దు, వాడండి. ఒక చిన్న గుండ్రటి లేసు ముక్క గూట్లో మందుల కింద పరిస్తే ఆ గూడు చూడముచ్చటగా ఉంటుంది. కర్టెన్ కింద అంచుకి నాలుగు వేళ్ళ పట్టీ చాలు, మొత్తం లేసు కర్టెన్ అక్కర్లేదు. కొనేటప్పుడు వీలైతే అల్లినవాళ్ళ దగ్గరే కొనండి. గంటల తరబడి కళ్ళు చిట్లించి అల్లిన పనికి మధ్యవాళ్ళు పోను చేతికొచ్చేది చాలా తక్కువ. మీరు పెట్టే నాలుగు వందలు నేరుగా వాళ్ళకి చేరితే ఆ తేడా పెద్దది. పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అల్లేవాళ్ళున్నారు, వాకబు చేయండి.

కడియం_మొక్క:
మొక్కలు లేకుండా గది ఏంటండీ! కడియపులంక నర్సరీల్లో చిన్న కుండీ మొక్కలు బయట షాపుల కంటే బాగా చవక. రాజమండ్రి వైపు ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి. తక్కువ వెలుతురులో బతికేవి స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, మనీప్లాంట్. ఈ మూడూ పిల్లలు, పశువులు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. గదికి రెండు చాలు. నెమ్ము గోడ పక్కన మాత్రం వద్దు, కిటికీ గట్టు మీద పెట్టండి. సీసాలో మనీప్లాంట్ వేస్తే వారానికోసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

అత్తగారికి తులసి కూడా ఇష్టమై ఉంటుంది, కానీ దానికి ఎండ కావాలి. గుమ్మం బయట ఉంచండి.

గచ్చునేల:
నేలకి కొబ్బరి పీచు పట్టా వేయండి. అంబాజీపేట వైపు కొబ్బరి పీచుతో చేసినవి దొరుకుతాయి. పాత గచ్చు పగుళ్ళు కనపడవు, కాలికి హాయి.

ఇంటినర్సు:
దయచేసి వద్దండి. నేను వృద్ధుల ఇళ్ళకి వెళ్ళి సేవ చేసే పని చేస్తాను. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి గదిలో విడిగా పరిచిన పట్టా, చాప, డోర్‌మ్యాట్ ఏదైనా అంచు కాలికి తగులుతుంది. పాదం పూర్తిగా ఎత్తలేక ఈడ్చి నడుస్తారు వాళ్ళు. పడ్డారంటే తుంటి ఎముక. గది ఎంత అందంగా ఉన్నా ఉపయోగం ఏముంది?

ఇంతమంది ఇంత బాగా రాశారు, కానీ మంచం ఎత్తు ఎవరూ అడగలేదు. ఆవిడ అంచున కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, తుంటి మోకాళ్ళ కంటే కొంచెం పైనే ఉండాలి. అప్పుడే చేతులు నొక్కి సులువుగా లేవగలరు. నవారు మంచం కుంగితే లేవడం నరకం, నవారు బిగించండి. తక్కువ ఎత్తుంటే కాళ్ళ కింద గుంట ఉన్న చెక్క దిమ్మలు వేయండి, ఊగకుండా ఉండాలి. ఇటుకలు పేర్చొద్దు. ఎత్తు పెరిగితే మంచం కింద ట్రంకుకి కూడా చోటు వస్తుంది.

మంచం నుంచి నడవ దాకా దారిలో ఏమీ ఉండకూడదు. చెయ్యి పట్టుకోవడానికి సెంటున్నర గారు చెప్పిన టేకు స్టాండు దారి పక్కన బరువుగా, కదలకుండా నిలబడితే చాలా మంచిది.

గచ్చునేల:
నిజమే, ఇది నాకు తట్టలేదు. కొత్తకాపురం గారూ, పట్టా వద్దు. గచ్చుని కడిగి ఆరనిచ్చి, పగుళ్ళు పూడ్చి వదిలేయండి. పాత ఎర్ర గచ్చైతే కొబ్బరి నూనె రాసి తుడిచే అలవాటుంది. అది కూడా వద్దు, జారుతుంది.

మేస్త్రి_మండపేట:
పగుళ్ళ గురించి ఒక మాట. నల్లరేగడి నేల ఎండాకాలం బిగిసి, వానాకాలం ఉబ్బుతుంది. గోడల్లో వెంట్రుకవాసి పగుళ్ళు వేసవిలో తెరుచుకుని వానలకి మూసుకుంటాయి. వాటిలో గట్టి సిమెంటు కూరొద్దు, సున్నపు ముద్దతో సరిపెట్టండి. వేలు పట్టేంత పగులుంటే మాత్రం అది అలంకరణ వ్యవహారం కాదు, ఇంటివాళ్ళని పిలిచి చూపించండి.

కొత్తకాపురం:
అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. చాలా వరకు అయింది, వివరంగా రాస్తున్నాను.

బోర్డు విప్పితే వెనక వైరు తొడుగు మెత్తబడి ఊడుతోంది. ఇంటివాళ్ళకి చూపించగానే ఖర్చు వాళ్ళే పెట్టుకుని బోర్డుని ఉత్తరపు గోడకి మార్పించారు. వైరింగ్ అన్నయ్యా, మీకు రుణపడి ఉంటాం. వాళ్ళే అటక సగం ఖాళీ చేసిచ్చారు.

పడమటి గోడ గీకడానికి మా వారు, నేను రెండు ఆదివారాలు పడ్డాం. మేస్త్రి సగం రోజు కూలి 600, సున్నం, బ్రష్షులు, తొడుగులు 750. మిగతా మూడు గోడలకి తెల్ల డిస్టెంపర్ 900. టేకు స్టాండు వడ్రంగి కూలితో కలిపి 2,800. మంచానికి దిమ్మలు, కొత్త నవారు, ట్రంకుకి చక్రాల పలక 1,300. బల్బులు, దీపాల స్టాండ్లు 850. అద్దం మా అమ్మ ఇచ్చింది. కర్టెన్ నా పాత చీర, కుట్టు కూలి 150, దానికి లేసు పట్టీ, గూళ్ళకి రెండు ముక్కలు 700. మొక్కలు, కుండీలు 350. మొత్తం 8,400. కొక్కేలు కిటికీ వైపు లేవు, అందుకే కర్టెన్ కర్రకి రెండు పక్కలా సరుగుడు బాదులు నిలబెట్టి, అడుగున కుండీల్లో ఇసుక పోసి బిగించాం. గట్టిగానే ఉంది.

అత్తయ్యగారు మొన్న వచ్చారు. మందుల గూడు ఆవిడకి బాగా నచ్చింది, పడుకునే చెయ్యి చాచితే అందుతుంది. నేనే అల్లుతాను కొక్కెం సూది తెచ్చిపెట్టు అన్నారు. చిన్నప్పుడు నేర్చుకున్నారట, నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఇంకో సందేహం. వంటగది మీద రేకులు. మధ్యాహ్నం నిలబడలేకపోతున్నాం. దానికేమైనా ఉందా? మిగిలింది 1,600.

సెంటున్నర:
రేకు పైన తెల్లటి కూల్ రూఫ్ రంగు వేయించండి, ఎండని వెనక్కి కొడుతుంది. చిన్న వంటగదికి మీ డబ్బులో రావచ్చు. పాత సిమెంటు రేకులైతే మనిషి ఎక్కితే విరుగుతాయి, పైగా వాటిలో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. గీకడం, రుద్దడం అసలు చేయొద్దు. నిచ్చెన మీద నుంచి పొడుగు రోలర్‌తో వేసేవాళ్ళని పిలవండి. లోపల రేకుకి అడుగు దిగువన తడక కట్టుకునే అలవాటుంది కానీ పొయ్యి మీద నిప్పు ప్రమాదం, వద్దు.

లేసుదారం:
అత్తయ్యగారికి దారం కాస్త లావుది తీసుకోండి, మరీ సన్నదైతే కళ్ళకి శ్రమ. కిటికీ పక్కనే కుర్చీ వేయండి, పగటి వెలుతురులో అల్లుకుంటారు. ఏవైనా నమూనాలు కావాలంటే ఇక్కడే అడగండి, ఫోటోలు పెడతాను.

మేస్త్రి_మండపేట:
సంతోషం అమ్మా. కాలవలకి నీళ్ళు వదిలి తొలకరి పడ్డాక ఆ గోడ అడుగు భాగం మళ్ళీ కొంచెం పొడి రాల్చవచ్చు, కంగారు పడొద్దు. పొడి బ్రష్‌తో దులిపి ఆ ముక్కకి ఒక్క పూత వేసుకోండి. మిగిలిన సున్నం డబ్బాలో పైన నీళ్ళు నిలిచేలా ఉంచి మూత పెట్టండి, నెలల తరబడి పాడవదు. పిల్లలు వచ్చే ఇల్లయితే అది అటక మీదే ఉండాలి.